పాత మోటారుబండ్లు – రవ్వను వెదికే విద్య

పుదుచ్చేరి నుండి తిండివనం వైపు సాగే రహదారిపై గోరిమేడు ఆ పట్టణానికి పొలిమేర. గోరి అనగా సమాధి, మేడు అనగా మిట్ట. 1954 నవంబరు 1న ఫ్రెంచివారు పరిపాలనను భారత ప్రభుత్వానికి అప్పగించేవరకు ఇది రెండు ఏలుబడుల మధ్య ఎల్ల. నేడు జిప్మర్ వైద్యసంస్థ వలన పేరొందిన ఈ ప్రాంతంలో రోగనిర్ణయానికి చెందిన మరొక విద్యను ఒక చిన్న మోటారు షెడ్డులో చూసే అవకాశం నాకు కలిగింది. అక్కడి రోగి ఒక పాత అంబాసిడర్ కారు.

ఆ బండి ఉదయం చక్కగా బయలుదేరుతుంది. పది మైళ్లు నడిచి వేడెక్కగానే ఆగిపోతుంది. గంటసేపు నీడన ఉంచితే మళ్లీ కదులుతుంది. అంతకుముందు చూసినవారు ప్లగ్గులు, పెట్రోలు పంపు మార్చి, కార్బురేటరు విప్పి కడిగారు. జబ్బు తగ్గలేదు. షెడ్డులోని వృద్ధ మేస్త్రి తరతరాలుగా తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబంవాడు. ఆయన మొదట ఏ మరనూ ముట్టుకోలేదు. "చల్లగా ఉన్నప్పుడు ఆగుతుందా సార్, వేడెక్కాక ఆగుతుందా?" అని మాత్రం అడిగాడు.

తరువాత ఇంజనును ఆగిపోయేదాకా నడిపించాడు. కాయిల్ నుండి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే లావు తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుముకు పావు అంగుళం దూరాన పట్టుకొని, ఇంజనును తిప్పమన్నాడు. రావలసినది చిటపటమనే నీలిరవ్వ. వచ్చినది సన్నని పసుపు రవ్వ. కనుక లోపం పెట్రోలులో లేదు, ప్లగ్గుల్లోనూ లేదు. రవ్వ పుట్టేచోటనే ఉన్నది. డిస్ట్రిబ్యూటరు మూత తీయగా పాయింట్ల ముఖాలు కమిలి నీలివన్నెకు తిరిగి ఉన్నవి. దోషి కండెన్సరు.

ఈ నిర్ణయానికి ఆధారమైన సూత్రం సులభమైనది. బ్యాటరీ విద్యుత్తు పాయింట్ల గుండా కాయిల్‌లోని లావుచుట్టలో ప్రవహిస్తుంది. పాయింట్లు విడివడిన క్షణంలో ఆ ప్రవాహం తెగి, సన్నచుట్టలో వేల వోల్టుల ఒత్తిడి పుడుతుంది. అదే ప్లగ్గు వద్ద రవ్వ అవుతుంది. పాయింట్లు విడివడేచోట అనవసరపు మంట లేవకుండా కాపాడేది కండెన్సరు. అది వేడికి పనిమానితే పాయింట్లు కాలుతాయి, ప్లగ్గు వద్ద రవ్వ నీరసిస్తుంది. మేస్త్రి కొత్త కండెన్సరు బిగించి, పాయింట్లను ఉప్పుకాగితంతో సరిచేసి, వాటి ఎడాన్ని అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులకు కుదిర్చాడు. బండి కుదుటపడింది.

చరిత్ర విద్యార్థిగా నన్ను ఆకర్షించినవి ఆయన వాడిన మాటలు. డిస్ట్రిబ్యూటరును ఆయన "డెల్కో" అన్నాడు. అది 1909లో అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ స్థాపించిన సంస్థ పేరులోని పొడి అక్షరాల కూర్పు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో కూడిన పద్ధతిని వ్యాప్తికి తెచ్చిన సంస్థ అది. ఫ్రెంచివారు కూడా ఆ భాగాన్ని డెల్కో అనే అంటారు. పాయింట్లను ఆయన "ప్లాటినం" అన్నాడు. తొలినాళ్లలో వాటి కొనలకు ప్లాటినం అతికేవారు. తరువాత టంగ్‌స్టన్ వచ్చినా పేరు మారలేదు. ఫ్రెంచిలోనూ వాటిని ప్లాటినం మరలనే అంటారు. అంతకుముందు, 1890 దశకపు కార్లలో ప్లాటినం గొట్టాన్ని మంటపై ఎర్రగా కాల్చి ఇంజనును రగిలించేవారు. డ్రైవరుకు పర్యాయపదమైన "షోఫర్" అనే ఫ్రెంచి మాటకు మూలార్థం కొలిమి రగిలించేవాడు. శాసనాలలో మాదిరిగానే పనివారి నోటి మాటల్లోనూ చరిత్ర నిక్షిప్తమై ఉంటుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఈ విద్యకు రాచరికపు సాక్ష్యం హైదరాబాదులో కలదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో ఆర్డరు చేసిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శితమైంది. 1911లో ఆయన మరణించడంతో అది ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలోనే వాడుకకు వచ్చింది. ఆ తరహా బండ్లలో ఆరు సిలిండర్లకు పన్నెండు ప్లగ్గులు. ఒక వరుసకు మాగ్నెటో, రెండవ వరుసకు బ్యాటరీతో నడిచే కాయిల్ రవ్వనిచ్చేవి. 1902లో బాష్ సంస్థలో గాట్లోబ్ హోనాల్డ్ రూపొందించిన హెచ్చు వోల్టేజి మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు. ఒక్కొక్క పద్ధతిపై విడిగా ఇంజనును నడిపి చూస్తే ఏ వైపు లోపమో తెలిసిపోయేది. పరీక్షించే ఉపాయం బండి నిర్మాణంలోనే ఇమిడి ఉన్నదన్న మాట.

స్వాతంత్ర్యానంతరం ఈ విద్య సామాన్యులకు అందింది. 1951లో బెంగుళూరులో మైకో సంస్థ ఏర్పడి ప్లగ్గులను, 1960 దశకంలో మద్రాసు శివారు పాడిలో లూకాస్ టి.వి.ఎస్. కాయిళ్లను, డిస్ట్రిబ్యూటర్లను దేశంలోనే తయారుచేశాయి. 1957లో మొదలైన అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఎలక్ట్రానిక్ పద్ధతులు రావడంతో కొత్త కార్లలో పాయింట్లే లేకుండా పోయాయి. రవ్వ రంగును బట్టి జబ్బు చెప్పగలిగిన తరం క్రమంగా కనుమరుగవుతున్నది.

1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం చారిత్రక ప్రాముఖ్యం గల నూరేళ్ల వస్తువును పురావస్తువుగా గుర్తిస్తుంది. 2021లో కేంద్రం సవరించిన మోటారు వాహన నియమాలు యాభై ఏళ్లు దాటి, మూలరూపం చెడని బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పించాయి. ఇవి హర్షణీయమైన చర్యలు. అయితే ఇవి కాపాడేది వస్తువునే. దానిని నడిపించే విద్య ఏ పట్టికలోనూ లేదు. రవ్వ ఆరిపోయిన బండి ఎంత మెరుగుపెట్టినా బొమ్మే అవుతుంది.

కావున మన సంగ్రహాలయాలు, వృత్తివిద్యా సంస్థలు ఈ మేస్త్రుల పరీక్షా క్రమాన్ని, పదజాలాన్ని వారి నోటనే విని నమోదు చేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది. ఖర్చు స్వల్పం, వ్యవధి అంతకన్న స్వల్పం. గోరిమేడు మేస్త్రి వద్ద ఆనాడు పని నేర్చుకునే కుర్రవాడు ఒక్కడు కూడా లేడు.