లైట్నింగ్ ఎక్స్‌ఎం135 ఘటన (1966)

లైట్నింగ్ ఎక్స్‌ఎం135 ఘటన 1966 జులై 22న ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో, బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు చెందిన లైనమ్ స్థావరంలో జరిగింది. నేల మీదే ముగియాల్సిన విద్యుత్ పరీక్షలో ఒక యుద్ధ విమానం అదుపు తప్పి, జెట్ పైలట్ కాని ఇంజినీరుతో గాల్లోకి లేచింది. సుమారు 12 నిమిషాల తర్వాత మళ్లీ అక్కడే దిగింది. ప్రాణనష్టం జరగలేదు.

నేపథ్యం

ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థ రూపొందించిన లైట్నింగ్‌కు రెండు రోల్స్ రాయిస్ ఏవన్ ఇంజిన్లు ఒకదానిపై ఒకటి అమర్చి ఉంటాయి. ధ్వనికి రెండింతల వేగాన్ని అందుకున్న ఈ శ్రేణిలో ఎక్స్‌ఎం135 తొలి తరానికి, అంటే ఎఫ్.1 రకానికి చెందింది. లైనమ్ అప్పట్లో ప్రధానంగా రవాణా విమానాల స్థావరం. అక్కడి 33వ మెయింటెనెన్స్ యూనిట్‌కు ఈ విమానం ఒక మొండి లోపంతో చేరింది. టేకాఫ్ కోసం వేగం పుంజుకోగానే, పరికరాలకు కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ ఆగిపోయి స్టాండ్‌బై ఇన్వర్టర్ పని అందుకునేది. నిలిపి ఉంచి పరీక్షిస్తే లోపం దొరికేది కాదు. అందుకని రన్‌వే మీద కొద్ది గజాల దూరం జోరుగా నడిపి బ్రేకు వేయాలని, అలా కొన్నిసార్లు చేసి చూడాలని నిర్ణయించారు.

పరీక్ష ఏర్పాట్లు

అర్హుడైన టెస్ట్ పైలట్ అందుబాటులో లేకపోవడంతో యూనిట్ అధిపతి, వింగ్ కమాండర్ వాల్టర్ ‘టాఫీ’ హోల్డెన్ కాక్‌పిట్‌లో కూర్చున్నారు. కనోపీ తీసేశారు. ఎజెక్షన్ సీటుకు సేఫ్టీ పిన్నులు పెట్టే ఉన్నాయి. చక్రాలు ముడుచుకోకుండా లాకులు వేశారు. ఆయనకు హెల్మెట్ లేదు, రేడియో సంబంధం లేదు. ఎగరని విమానానికి ఈ ఏర్పాట్లన్నీ సబబే.

ఘటన

తొలి పరుగులు సవ్యంగానే సాగాయి. తర్వాతి దాంట్లో థ్రాటిళ్లు అవసరానికి మించి ముందుకు వెళ్లి రీహీట్ (ఇంజిన్లకు అదనపు తోపు ఇచ్చే ఏర్పాటు) స్థానంలో చిక్కుకున్నాయి. వాటిని విడిపించే కిటుకు హోల్డెన్‌కు తెలియదు. ఎదురుగా రన్‌వే దాటుతున్న ఇంధన ట్యాంకర్ కొద్దిలో తప్పింది. అడ్డంగా ఉన్న ప్రధాన రన్‌వే మీద టేకాఫ్ తీసుకుంటున్న కామెట్ రవాణా విమానం కూడా ఢీకొనకుండా తప్పింది. రన్‌వే అయిపోవస్తుండగా, ఆపే వీలు లేక ఆయన విమానాన్ని పైకి లేపారు.

గాల్లోకి వెళ్లాక రీహీట్‌ను ఆపగలిగారు. సీటుకు పిన్నులు ఉండటంతో బయటపడే దారి లేదు, దిగడమొక్కటే మార్గం. రెండు ప్రయత్నాలు కుదరలేదు. మూడోసారి, తనకు అలవాటైన పిస్టన్ ఇంజిన్ విమానాన్ని దించినట్టు ముక్కు బాగా ఎత్తి దించారు. తోక నేలకు తగిలి, వేగం తగ్గించే పారాచూట్ (డ్రాగ్ చ్యూట్) కేబుల్ తెగింది. చ్యూట్ ఊడిపోయినా, బ్రేకులతోనే విమానం రన్‌వే చివరికి కాస్త ముందు ఆగింది.

భిన్న కథనాలు

జనాదరణ పొందిన కథనాల్లో హోల్డెన్‌ను ఎన్నడూ విమానం నడపని మెకానిక్‌గా చెప్పడం మామూలు. ఆయన తన మాటల్లో రాసిన వివరణ ప్రకారం టైగర్ మాత్, చిప్‌మంక్, హార్వర్డ్ వంటి పిస్టన్ ఇంజిన్ విమానాలపై శిక్షణ పొందారు. దిగిన తీరును బట్టి చూసినా ఈ వివరణే నమ్మదగినది. కామెట్ ఎంత దూరంలో తప్పిందన్న విషయంలో కథనాలు ఏకీభవించవు. కొద్దిలో తప్పిందన్నంత వరకే స్వీకరించడం మేలు.

లోపానికి కారణం

హోల్డెన్ రాసిన దాని ప్రకారం లోపం తర్వాత బయటపడింది. స్టాండ్‌బై ఇన్వర్టర్‌ను నేల మీద పరీక్షించడానికి తొలినాళ్లలో కాక్‌పిట్‌లో ఒక బటన్ ఉండేది. దాన్ని తొలగించినా తీగలను అలాగే వదిలేశారు. టేకాఫ్ వేగానికి యూహెచ్‌ఎఫ్ రేడియో తన అమరికలో కదిలినప్పుడు ఆ తీగలు దానికి తగిలి షార్ట్ అయ్యేవి.

అంచనా

దీన్ని సాహస యాత్రగా చెప్పుకోవడమే ఎక్కువ. నిజానికి ఇది నేల మీది ప్రమాదం. పిన్నులు, లాకులు, రేడియో లేమి, రన్‌వేపై అడ్డొచ్చిన వాహనం: ప్రమాదాన్ని పెంచినవన్నీ విమానం లేవక ముందే అమరి ఉన్నాయి. జోరుగా నడిపే పరీక్షకు టేకాఫ్‌కు చేసే ఏర్పాట్లే చేయాలన్నది దీని పాఠం. మరమ్మతు తర్వాత ఎక్స్‌ఎం135 మళ్లీ సేవలో చేరింది. 1974లో డక్స్‌ఫర్డ్‌కు చేరి, ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో భాగమైంది.