బొడ్డు దగ్గర దారి

సర్జరీ పుస్తకాలతో సాహిత్య పరిశోధకురాలికి ఏం పని అని నన్ను అడుగుతుంటారు. వాక్యంలో కర్త ఎవరో, ఎవరు మాయమయ్యారో చూడటమే నా పని. కీహోల్ సర్జరీ పుస్తకాల్లో 'ప్రవేశం' అనే అధ్యాయం ఉంటుంది. పొట్టలోకి మొదటి పరికరాన్ని ఎలా దించాలన్నదే అందులో విషయం. ఈ సర్జరీలో జరిగే పెద్ద ప్రమాదాల్లో దాదాపు సగం అక్కడే, అసలు ఆపరేషన్ మొదలుకాకముందే జరుగుతాయి. పేగుకో, పెద్ద రక్తనాళానికో గాయమవుతుంది.

ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది వెరెస్ సూది. హంగేరీ డాక్టరు యానోష్ వెరెస్ 1930లలో క్షయరోగుల ఛాతీలోకి గాలి పంపడానికి దీన్ని తయారుచేశాడు. పొర దాటగానే లోపలి మొద్దు మొన స్ప్రింగుతో ముందుకొచ్చి, సూది పదును అవయవాలకి తగలకుండా అడ్డుపడుతుంది. 1940లలో పారిస్ గైనకాలజిస్టు రావుల్ పామర్ ద్వారా అది స్త్రీల పొట్టలోకి వచ్చింది. అయినా ఆ సూది దిగేది గుడ్డిగానే. 1971లో షికాగో గైనకాలజిస్టు హాసన్ బొడ్డు దగ్గర చిన్న కోత పెట్టి, ఒక్కొక్క పొరనూ చూస్తూ తెరిచే పద్ధతిని ప్రచురించాడు. మూడోది, ముందుగా గ్యాస్ నింపకుండా ట్రోకార్‌ని నేరుగా దించడం.

ఏది మేలు? 2019 కోక్రేన్ సమీక్ష ప్రకారం, లోపలికి చేరలేకపోవడం వెరెస్ సూదితో ఎక్కువ. పెద్ద గాయాల విషయంలో మాత్రం ఫలానా పద్ధతే క్షేమమని చెప్పడానికి ఆధారాలు చాలవు.

నాకు ఆసక్తి కలిగించింది 1974లో పామర్ సూచించిన మరో చోటు. ఎడమవైపు పక్కటెముకల అంచుకి మూడు సెంటీమీటర్ల కింద. పాత ఆపరేషన్ల వల్ల బొడ్డు దగ్గర పేగులు అతుక్కుని ఉండొచ్చనుకుంటే అక్కణ్ణుంచి వెళ్తారు. అది తెలియాలంటే ముందు ఆమెను అడగాలి. ఆమె జవాబు వినాలి.

మన దేశంలో ఎందరో పేద స్త్రీలకి ఈ సర్జరీ తెలిసింది కు.ని. క్యాంపుల్లో. అక్కడ అడిగే తీరిక ఎవరికుంది? 2014 నవంబరులో ఒడిశాలోని బనర్‌పాల్ క్యాంపులో 56 మంది స్త్రీల పొట్టల్లోకి సైకిలు పంపుతో గాలి కొట్టారు. కార్బన్ డై ఆక్సైడ్ రక్తంలో తొందరగా కరుగుతుంది. మామూలు గాలి అలా కరగదు, రక్తనాళంలోకి వెళితే ప్రాణం తీయగలదు. క్యాంపులు మూడేళ్లలో ఆపాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. అయినా 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. వాళ్ల ప్రాణం తీసింది సూది కాదు, ఇన్‌ఫెక్షన్.

పద్ధతుల్ని పోల్చే పట్టికల్లో ఈ సంగతులకి గడి లేదు. పొట్టలోకి వెళ్లాల్సిన అవసరమే లేని ఆపరేషన్ ఒకటుంది, వేసెక్టమీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన జంటల్లో కు.ని. కోసం ఆపరేషన్ భార్యకి జరిగినవి 37.9 శాతం, భర్తకి జరిగినవి 0.3 శాతం. పోలిక ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలని నేనంటాను.