తల్లి గుండెను ఎవరు అడిగారు?

మానుకోట జిల్లా నెల్లికుదురు మండలంలో ఊళ్ల చుట్టూ తండాలున్నాయి. గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు పోతే కోయ గూడేలు వస్తాయి. భూపాలపల్లి అడవుల దాకా ఇదే తీరు. ఈ తండాలకు, గూడేలకు ఆస్పత్రి కంటే ముందు ఆస్పత్రి మనిషి వచ్చాడు. అందుకే మన పెద్దలు చెప్పే ఆరోగ్య చరిత్రలో డాక్టర్ల పేర్లు తక్కువ. గడప దాకా ఎవరు వచ్చారు, సంచిలో ఏం తెచ్చారు అన్నదే ఎక్కువ.

ఆ సంచులను వరుసగా విప్పి చూస్తే ఒక సంగతి తేలుతుంది. గర్భిణి ఇంటికి, బాలింత ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. కాన్పు అయ్యాక ఆ తల్లి గుండె ఎట్లుందని అడగడమే ఎవరి పనిలోనూ చేరలేదు. ఈ లోటు ఎట్లా వచ్చిందో మన యువతకు, ఉపాధ్యాయులకు తెలియాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

అందరికంటే ముందు వచ్చింది మంత్రసాని. ఆమెకు జీతం లేదు, రికార్డు లేదు. బిడ్డ అడ్డం తిరిగితే చేతితో తడిమి చెప్పేది. కాన్పయ్యాక కొన్నాళ్లు రోజూ వచ్చి తల్లికి, బిడ్డకు నీళ్లు పోసేది. అయితే కాళ్లూ ముఖమూ ఉబ్బి, తల పగిలిపోతోందని చెప్పి, ఫిట్స్ వచ్చి పడిపోయిన గర్భిణి ముందు ఆమె చేతులు కట్టేసినట్టే అయ్యేవి. ఇది ఆమె తక్కువతనం కాదు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని ఇటలీ వైద్యుడు రివా-రోచీ 1896లో తయారు చేశాడు. స్టెతస్కోపుతో విని పై అంకె, కింది అంకె చెప్పే పద్ధతిని రష్యా వైద్యుడు కొరొత్కోవ్ 1905లో చూపించాడు. అంతకుముందు పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో కూడా బీపీని ఇట్లా కొలిచే వీలు లేదు. కొలిచే విద్య వచ్చాక అది మన తండాకు చేరడానికి ఎన్నేళ్లు పట్టిందన్నదే అసలు ప్రశ్న.

1946లో భోర్ కమిటీ పల్లెలకు ఆరోగ్య కేంద్రాలు కావాలని చెప్పింది. 1952 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. 1953లో మలేరియా కార్యక్రమం వచ్చింది. గోడలకు డీడీటీ కొట్టేవాళ్లు, జ్వరమొస్తే రక్తం తీసేవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. మశూచి టీకాల వాళ్లు వచ్చారు. ఏఎన్ఎం వచ్చింది. ఆమెకు గర్భిణులను చూడటం ఒక పనే కానీ, పైనుంచి లెక్క అడిగింది ఎక్కువగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి. 1975లో అంగన్‌వాడీ పథకం మొదలైంది. 1985 నుంచి సార్వత్రిక టీకాల కార్యక్రమం నడిచింది. ఒక్కో కాలంలో ఒక్కో జబ్బు, ఒక్కో లెక్క. ఆ పనుల వల్ల మన పిల్లలు బతికారు. ఆ మాట మరిచిపోవద్దు.

హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రి కథ కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నిజాం కోడలు నీలోఫర్ తన పరిచారిక కాన్పులో చనిపోతే తట్టుకోలేక, స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి కావాలని పట్టుబట్టిందంటారు. 1953లో ఆ ఆస్పత్రి తెరుచుకుంది. ఇవాళ నీలోఫర్ అంటే ఎవరైనా పిల్లల దవాఖానా అనే అంటారు. ఒక తల్లి చావుతో పుట్టిన ఆస్పత్రి జనం నోట పిల్లల ఆస్పత్రిగా నిలిచింది. ఇంటింటి ఆరోగ్య సేవల చరిత్ర కూడా ఇట్లాగే బిడ్డ వైపు ఒరిగింది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. దానితో ఆశా కార్యకర్త వచ్చింది. ఈమె బయటి మనిషి కాదు, మన తండా కోడలే, మన గూడెం ఆడబిడ్డే. ఆమె చేసే ఇంటింటి పనికి ఒక మూలం మన పక్కనే ఉంది. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడ రాణి బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్ దంపతులు 39 ఊళ్లలో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంట్లోనే చూసుకునే పద్ధతి నేర్పారు. ఆ ఊళ్లలో నెల లోపు పసిపిల్లల చావులు మూడో ఏడాదికి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఈ అనుభవం వెలుగులో 2011లో దేశమంతా ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ మొదలైంది. ఆస్పత్రిలో కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. 2018లో ఇంకో కార్యక్రమం కలిసింది. బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు మళ్లీ ఐదుసార్లు రావాలి.

ఇప్పుడు ఆమె సంచి విప్పుదాం. బిడ్డను తూచే కాటా, థర్మామీటరు, ఊపిరి లెక్కపెట్టే గడియారం, దుప్పటి ఉంటాయి. తల్లిని రక్తస్రావం గురించి, జ్వరం గురించి, ఫిట్స్ గురించి అడుగుతుంది. ఆ బాలింత సంరక్షణ సంచిలో బీపీ మిషన్ ఇవ్వలేదు. ఆయాసం గురించిన ప్రశ్నకు చోటు దొరకలేదు.

తల్లి గుండెకు అంత ప్రమాదం ఏముంది అని అడగవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఆ రక్తాన్నంతా గుండె తోడాలి. రక్తహీనత ఉన్న మనిషిలో ఆ పని ఇంకా బరువవుతుంది. ముఖ్యంగా మూడు ఆపదలున్నాయి.

మొదటిది గర్భవాతం, అంటే అయిదో నెల దాటాక బీపీ పెరగడం. 140/90 దాటితే ఆస్పత్రికి పోవాలి. 160/110 అయితే అదే గంటలో పోవాలి. కాన్పుతో ఇది తీరిపోయిందనుకుంటాం. నిజానికి కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యే బీపీ బాగా పెరిగే కాలం. పైగా ఈ జబ్బు వచ్చిన తల్లికి, రాని తల్లితో పోలిస్తే, తరువాతి జీవితంలో గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు.

రెండోది గుండె కండరం బలహీనపడటం. ఇది చివరి నెల నుంచి కాన్పయిన ఐదు నెలల లోపు వస్తుంది. పడుకుంటే దమ్ము ఆడదు. రాత్రి లేచి కూర్చుంటారు. కాళ్లు వాస్తాయి. ఇంట్లో దాన్ని బాలింత నీరసం అంటారు, నీరు పట్టిందంటారు.

మూడోది చిన్నప్పటి గొంతునొప్పి, కీళ్లజ్వరం వల్ల గుండె కవాటం పాడవడం. పిల్ల బడికి పోయే వయసులో పాడైన కవాటం, ఆమె మొదటి కడుపుతో ఉన్నప్పుడు బయటపడుతుంది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. బీపీ పెరిగే రోజులకు ఆశా వచ్చే 3వ రోజు, 7వ రోజు ఆనుకునే ఉన్నాయి. గుండె బలహీనపడే కాలంలోనే 42వ రోజు, మూడో నెల సందర్శనలు ఉన్నాయి. దారి ఉంది, మనిషి ఉంది, తేదీ ఉంది. అడగాల్సిన ప్రశ్న, కొలవాల్సిన మిషన్ లేవు. ఇంకో పక్క 2016 తర్వాత బీపీ, షుగర్ పరీక్షలు ఊరూరా చేస్తున్నారు. అవి 30 ఏళ్లు దాటినవాళ్లకు. మన ఆడపిల్లల్లో చాలామందికి పాతికేళ్లకే కాన్పులన్నీ అయిపోతాయి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ చూసే కార్డు మూతపడుతుంది. ముప్పై ఏళ్ల కార్డు ఇంకా తెరుచుకోదు. ఆ నడుమ ఏళ్లలో ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు.

ఇది సాధ్యంకాని పని కాదు. అమెరికాలోని మెంఫిస్ పట్టణంలో 1990లో 1,139 మంది గర్భిణులతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. వాళ్లలో ఎక్కువమంది పేద నల్లజాతి యువతులు. నర్సులు ఇంటికి వెళ్లి మాట్లాడిన వాళ్లలో గర్భకాలపు బీపీ 13 శాతం మందికి వచ్చింది. నర్సులు వెళ్లని వాళ్లలో 20 శాతం మందికి వచ్చింది. ఇంటికి వెళ్లిన మనిషి సరైన సంగతి అడిగితే ఫలితం ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దగ్గరా చాలా మారింది. ఆస్పత్రి కాన్పులు పెరిగాయి. తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2011-13లో 92 ఉండగా, 2018-20 నాటికి 43కు తగ్గాయి. మానుకోటలో 2022లో, భూపాలపల్లి, జనగామల్లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. గుండె ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. డాక్టరు దగ్గరికొచ్చాడు. జబ్బును పసిగట్టి ఆ డాక్టరు దాకా పంపే పని ఇంటి దగ్గరే మొదలుకావాలి.

అందుకు మనం చేయగలిగినవి ఉన్నాయి. 2018 చట్టంతో మన తండాలు, గూడేలు ఎన్నో సొంత పంచాయతీలయ్యాయి. గ్రామ ఆరోగ్య కమిటీలో కూర్చునే హక్కు మనకుంది. ఆశా చేతికి ఒక బీపీ మిషన్, దాన్ని వాడే శిక్షణ కావాలని తీర్మానం చేసి అడగాలి. మూడో రోజు, ఏడో రోజు బాలింత బీపీ చూసి మాతా శిశు కార్డు మీద రాయమని ఏఎన్ఎంను అడగాలి. పడుకుంటే దమ్ము ఆడటం లేదా, కాళ్ల వాపు పెరుగుతుందా, గుండె దడగా ఉందా, తల బాగా నొస్తుందా అన్న నాలుగు ప్రశ్నలు చదువుకున్న ప్రతి ఆడపిల్లకూ, మగపిల్లాడికీ నోటికి రావాలి. దేనికైనా అవునంటే ఇంట్లో ఉంచకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. కాన్పులో బీపీ వచ్చిన తల్లి ఏటా ఒకసారి బీపీ చూపించుకోవాలి.

ఉపాధ్యాయులకు ఇంకో పని ఉంది. ఆశ్రమ పాఠశాలలో గొంతునొప్పితో జ్వరం వచ్చిన పిల్లను, కీళ్లు వాచిన పిల్లను గోలీ ఇచ్చి పడుకోబెట్టవద్దు, డాక్టరుకు చూపించాలి. పదేళ్ల పిల్ల గొంతుకు సరైన మందు పడితే, ఇరవై ఏళ్లకు ఆమె కాన్పులో గుండె మొరాయించే ముప్పు తగ్గుతుంది.

మన గడపలకు ఎవరు వచ్చారో ఇన్నాళ్లూ మన తరఫున వేరేవాళ్లు రాశారు. ఇకముందు వచ్చే సంచిలో ఏముండాలో మనమే చెప్పాలి. అందులో బిడ్డ కాటా పక్కన తల్లి బీపీ మిషన్ కూడా ఉండాలి.