అందరూ హైన్‌రిష్‌లే: రోయిస్ సంస్థానం కథ

జర్మనీలోని రోయిస్ రాజవంశంలో పుట్టిన ప్రతి మగబిడ్డకూ ఒకటే పేరు: హైన్‌రిష్. అన్నకూ తమ్ముడికీ, బాబాయికీ మనవడికీ అదే. ఎవరు ఎవరో తేల్చుకోవాలంటే పేరు ముందున్న అంకె చూడాల్సిందే. మామూలుగా రాజుల అంకె గద్దెనెక్కిన వరుసను చెబుతుంది. ఇక్కడ అది పుట్టిన వరుస. పసితనంలోనే పోయిన బిడ్డకూ ఒక అంకె ఖర్చయ్యేది. వంశం శాఖలుగా చీలాక, పెద్ద శాఖవారు నూరు దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావాలని నియమం పెట్టుకున్నారు. చిన్న శాఖవారు శతాబ్దం మారగానే మొదటికొచ్చేవారు. అందుకే 1867లో 67వ హైన్‌రిష్ చనిపోతే ఆయన కొడుకు 14వ హైన్‌రిష్ గద్దెనెక్కాడు. పెద్ద శాఖకు నూరు చేరే యోగం లేకపోయింది. 24 దగ్గరే ఆగింది.

12వ శతాబ్దపు చక్రవర్తి ఆరవ హైన్‌రిష్ మీది గౌరవంతో ఈ పేరు పెట్టుకున్నారని వంశంలో చెప్పుకునే మాట. తూర్పు థ్యూరింగియాలోని వైడాలో చక్రవర్తి తరఫున పెత్తనం చేసిన ‘ఫోగ్ట్’ అనే అధికారులు వీరి పూర్వీకులు. ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ ఫోగ్ట్‌లాండ్ అంటారు. ‘రోయిస్’ అంటే రష్యావాడు. 13వ శతాబ్దంలో ఒక హైన్‌రిష్‌కు తగిలిన మారుపేరు ఇంటిపేరై కూర్చుంది. 1564లో ఆస్తి మూడు వాటాలైంది. నడిమి శాఖ 1616లో అంతరించింది. పెద్ద శాఖకు గ్రైట్స్, చిన్న శాఖకు గేరా ముఖ్య పట్టణాలు.

గేరాను ఏలిన హైన్‌రిష్ పోస్టుముస్ (1572–1635) తండ్రి పోయాక పుట్టినవాడు. ‘పోస్టుముస్’ అంటే అర్థం అదే. 1608లో ఊళ్లో ఉన్నత పాఠశాల పెట్టించాడు. బతికుండగానే ఎవరికీ తెలియకుండా తన శవపేటిక చేయించుకుని, దాని మీద తనకిష్టమైన బైబిల్ వాక్యాలు, భక్తిగీతాల చరణాలు రాయించాడు. ఆ మాటలకే స్వరాలు కట్టినవాడు హైన్‌రిష్ ష్యుట్స్. పేరు చూసి రాజకుటుంబీకుడు అనుకోకూడదు. ఆ సంస్థానంలోని కోస్ట్రిట్స్‌లో పుట్టిన సంగీతకర్త. 1636 ఫిబ్రవరిలో అంత్యక్రియల వేళ పాడిన ఆ కృతిని నేటికీ పాడుతున్నారు. చిన్న సంస్థానాలను చూసి నవ్వడం చరిత్రకారులకు అలవాటు. కానీ బెత్తెడు రాజ్యమే అయినా ఒక బడి, ఒక సంగీత బృందం లేకపోతే ఆ దొరలకు పరువు తక్కువ. ఆ పట్టింపు మాత్రం తర్వాతి పెద్ద రాజ్యాలకు అబ్బలేదు.

1871లో ఏర్పడిన జర్మన్ సామ్రాజ్యంలో రాజులున్న రాజ్యాలన్నిటిలోకీ చిన్నది గ్రైట్స్: 316 చదరపు కిలోమీటర్లు. దాని ఏలిక 22వ హైన్‌రిష్‌కు ప్రష్యా అంటే గిట్టదు. 1866లో ప్రష్యాకూ ఆస్ట్రియాకూ జరిగిన యుద్ధంలో, ఆయనకు ఇంకా ఈడు రాక తల్లి కారొలీనా రాజ్యం చూస్తుండగా, గ్రైట్స్ ఆస్ట్రియా పక్షం వహించింది. ప్రష్యా సైన్యం ఊళ్లో దిగింది. ఆ కక్ష ఆయన మరిచిపోలేదు. సామ్రాజ్య సభలో తనకున్నది ఒక్క ఓటే అయినా ప్రష్యా నేత బిస్మార్క్ తెచ్చిన చట్టాలకు ఎదురు వేయించేవాడు. సోషలిస్టులను అణిచే చట్టానికీ అంతే. ఆయనకు వాళ్లమీద ప్రేమేమీ లేదు, ప్రష్యా తెచ్చిన చట్టం కావడమే నేరం.

1902లో ఆయన పోయాడు. కొడుకు 24వ హైన్‌రిష్ వైకల్యం వల్ల పాలించలేకపోతే చిన్న శాఖవారే రెండు రాజ్యాలూ చూసుకున్నారు. 1918 నవంబరులో గద్దెలు పోయాయి. 1920 మే 1న రోయిస్ థ్యూరింగియాలో కలిసింది. రెండేళ్ల తర్వాత, 1922 నవంబరు 5న, 22వ హైన్‌రిష్ కూతురు హెర్మీనా నెదర్లాండ్స్‌లోని డోర్న్‌లో పెళ్లి చేసుకుంది. వరుడు ప్రష్యా ఆఖరి రాజు, రెండవ విల్‌హెల్మ్.