కాగితం మీద లేని కిడ్నీ జబ్బు: కోడ్‌ల చరిత్రలో మన తండాలు, గూడేలు ఎక్కడ?



డిగ్రీ అయిపోయాక మనవాళ్లు కొందరు హైదరాబాద్, వైజాగ్‌లలో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నారు. అమెరికా ఆసుపత్రుల కాగితాలు చదివి ఒక్కో జబ్బుకి ఒక్కో కోడ్ వేసే పని అది. అక్కడ మొదటే నేర్పే పాఠం ఒకటుంది: డాక్టర్ రాయనిది జరగనట్టే లెక్క. ఈ పాఠం కంపెనీ గోడల మధ్య ఆగిపోయేది కాదు, మన ఊళ్ల చావుబతుకులకి కూడా అదే వర్తిస్తుంది. ఎలాగో తెలియాలంటే కిడ్నీ జబ్బు కాగితం మీదికి ఎట్లా ఎక్కిందో చూడాలి.

చావులకి కారణాలు లెక్కేసే అలవాటు లండన్‌లో గట్టిపడింది. 1662లో జాన్ గ్రాంట్ అనే వ్యాపారి ఆ నగరం చావుల చిట్టాలు ముందేసుకుని, ఎవరు దేనివల్ల పోతున్నారో పుస్తకం రాశాడు. 1827లో రిచర్డ్ బ్రైట్ అనే డాక్టర్ ఒళ్లు వాపు, మూత్రంలో ఆల్బుమిన్, పాడైన కిడ్నీ మూడూ ఒకే జబ్బు అని చూపించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు కిడ్నీ చావు అంటే 'బ్రైట్ జబ్బు' అనే రాశారు. 1893లో ఫ్రాన్స్‌కి చెందిన జాక్ బెర్టిలాన్ తయారుచేసిన చావు కారణాల జాబితాని షికాగోలో జరిగిన అంతర్జాతీయ గణాంక సంస్థ సమావేశం ఒప్పుకుంది. ఇప్పుడు ఐసీడీ అని పిలిచే జాబితాకి అదే మూలం. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. చావులతో పాటు బతికున్నవాళ్ల జబ్బులు కూడా అప్పుడే అందులో చేరాయి.

2002లో అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ ఈ జబ్బుని ఐదు స్టేజీలుగా విడగొట్టింది. కిడ్నీ నిమిషానికి ఎంత రక్తం వడకడుతుందో చెప్పే జీఎఫ్ఆర్ అనే అంకె దీనికి కొలత. 60 కంటే తగ్గి మూడు నెలలకి పైగా అట్లాగే ఉంటే అది దీర్ఘకాలిక జబ్బు. 15 కంటే తగ్గితే ఐదో స్టేజీ. 2005లో అమెరికా కోడ్‌లు ఈ స్టేజీల ప్రకారం మారాయి. 2015లో అక్కడ ఐసీడీ-10 వచ్చాక ఎన్18 కింద ఒక్కో స్టేజీకి ఒక్కో కోడ్ ఉంది. 2020లో మూడో స్టేజీని కూడా 3ఏ, 3బీ అని చీల్చారు. అంత సూక్ష్మంగా ఎందుకంటే, అక్కడ కోడ్‌ని బట్టి బీమా డబ్బు మారుతుంది. రిపోర్టులో జీఎఫ్ఆర్ 28 అని కళ్లముందు కనిపిస్తున్నా కోడర్ తనంతట తాను నాలుగో స్టేజీ కోడ్ వేయకూడదు. డాక్టర్ ఆ మాట రాయాలి. రాయకపోతే అడగాలి.

ఇంకో రూల్ కూడా ఉంది. కాగితంలో బీపీ, కిడ్నీ జబ్బు రెండూ ఉంటే, సంబంధం లేదని డాక్టర్ రాస్తే తప్ప, రెండింటికీ సంబంధం ఉన్నట్టే అమెరికా కోడింగ్ లెక్కేస్తుంది. కానీ కిడ్నీ పాడైతే దానివల్ల కూడా బీపీ వస్తుంది. అంటే కారణం తెలియని జబ్బు కూడా కాగితం మీద కారణం తెలిసినదిగా మారిపోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. 1950లలో బల్గేరియా, యుగోస్లావియా, రొమేనియాలలో డాన్యూబ్ ఉపనదుల పక్కన కొన్ని పల్లెల్లో రైతులకి వింత కిడ్నీ జబ్బు ఉందని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. ఏ ఊళ్లో, ఏ ఇంట్లో, ఎంతమంది అని దశాబ్దాల పాటు రాస్తూనే ఉన్నారు. చివరికి గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా మొక్క గింజలు పిండిలో కలవడమే కారణమని తేలింది. (మన దగ్గర ఈశ్వరి అనే మొక్క ఆ కుటుంబానిదే. వేరు లోపలికి తీసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.) ఆ కొద్ది పల్లెల జబ్బుకి ఐసీడీ-10లో సొంత కోడ్ ఉంది: ఎన్15.0, బాల్కన్ నెఫ్రోపతి.

మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలు ఇట్లాగే చనిపోయారు. నికరాగ్వాలో ఒక ఊరికి 'విధవల దీవి' అని పేరు పడింది. షుగర్ లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పోతున్నాయి. ఈ జబ్బు తీవ్రమైన ప్రజారోగ్య సమస్య అని అక్కడి దేశాల ఆరోగ్య మంత్రులు తీర్మానం చేసింది 2013లో.

మన శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో, 1990ల నుంచి ఇదే కథ. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని లంబాడా తండాలలోనూ ఇదే కథ. నీళ్ల మీద అనుమానంతో కృష్ణా నీళ్లు తెమ్మని తండావాసులు రోడ్డెక్కారు. ఉద్దానం మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి, 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి కూడా తెరిచారు. కచ్చితమైన కారణం మాత్రం ఇంకా తేలలేదు. ఐసీడీ-10లో ఉద్దానం పేరు లేదు, ఎ.కొండూరు పేరూ లేదు. మనవాళ్లంతా ఎన్18 అనే పెద్ద బుట్టలో, అందులోనూ చాలాసార్లు స్టేజీ కూడా లేని ఎన్18.9లో కలిసిపోతారు.

అది కూడా ఆసుపత్రి దాకా వెళ్తేనే. బ్రిటిష్ కాలంలో ఊళ్లో ఎవరు పోయినా కారణం దగ్గర ఎక్కువగా 'జ్వరం' అనే రాసేవాళ్లు. 1969లో జనన మరణ నమోదు చట్టం వచ్చింది. అయినా 2020లో దేశంలో నమోదైన చావుల్లో డాక్టర్ కారణం రాసినవి నాలుగో వంతు కూడా లేవు. ఇంట్లో పోయిన మన తాత 'వయసైపోయి' పోయినట్టు, అవ్వ 'ఒళ్లు వాచి' పోయినట్టు మిగిలిపోతారు. తమాషా ఏంటంటే, ఆ ఇంటి మనవరాలే హైదరాబాద్‌లో కూర్చుని ఎవరో అమెరికా ముసలాయన జబ్బు 3ఏనా, 3బీనా అని తేలుస్తుంది.

బాల్కన్ పల్లెలు మన కంటే గొప్పవేం కాదు. వాళ్ల జబ్బు ఏళ్ల తరబడి రాతకెక్కింది, అంతే తేడా. లెక్క ఉంటేనే నీళ్ల పైపు అడగగలం, డయాలసిస్ సెంటర్ అడగగలం. పింఛన్‌కి కూడా కావాల్సింది కాగితమే. కాబట్టి మనం చేయగలిగినవి కొన్ని:

1. కిడ్నీ పరీక్ష చేయించిన ప్రతిసారీ క్రియాటినిన్, జీఎఫ్ఆర్, తేదీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలి. మూడు నెలల తేడాతో రెండు రిపోర్టులు ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అని రుజువు.

2. డిశ్చార్జ్ కాగితంలో స్టేజీ రాయమని డాక్టర్ గారిని మర్యాదగా అడగాలి. కారణం తెలియకపోతే 'కారణం తెలియదు' అనే రాయమనాలి. అది కూడా ఒక సమాచారమే.

3. చావుని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. చివరి జబ్బులో చూసిన డాక్టర్ చావు కారణం పత్రం ఫీజు లేకుండా ఇవ్వాలని చట్టంలోనే ఉంది.

4. కోడింగ్ నేర్చుకున్న అక్కలు, అన్నలు సెలవులకి ఊరికొచ్చినప్పుడు ఒక్క పూట కూర్చుని పెద్దవాళ్ల ఫైళ్లు తేదీల వారీగా సర్దిపెట్టాలి. ఈ పని మీకంటే బాగా ఎవరికీ రాదు.

మీ తండాలో, గూడెంలో ఇట్లాంటి చావులు ఉంటే పేర్లు ఇక్కడ పెట్టొద్దు. ఊరు, సంవత్సరం, ఎంతమంది అన్నది మాత్రం కామెంట్‌లో రాయండి. మన లెక్క మనమే మొదలుపెడదాం.