కోఠీ కండెన్సర్, కేంబ్రిడ్జి పెట్టె

1978లో ఐబీఎం భారతదేశంలో దుకాణం కట్టేసింది. విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న ఫెరా చట్టం దానికి మింగుడుపడలేదు. కంపెనీ వెళ్లిపోయింది గానీ యంత్రాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. దేశంలో 800కు పైగా చోట్ల నడుస్తున్న ఆ కంప్యూటర్ల ఆలనాపాలనా 1978 అక్టోబరు 1న ఒక ప్రభుత్వ సంస్థ నెత్తిన పడింది. 1975లో పుట్టిన ఆ సంస్థ పేరు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. తర్వాత అందరి నోటా సీఎంసీ.

ఆ యంత్రాల్లో చాలా భాగం ఇక్కడికి వచ్చేనాటికే పాతవి. ఐబీఎం 1401 అనే నమూనా 1959లో వచ్చింది. బయటి దేశాల్లో వాడి పక్కన పెట్టిన 1401లను తెచ్చి, విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి ఇక్కడి సంస్థలకు అద్దెకిచ్చేవారు. దానిమీద ఢిల్లీలో విమర్శలూ గట్టిగానే వచ్చాయి. అంటే పాత కంప్యూటర్‌ను బతికించి వాడుకోవడం మనకు ఆదివారం సరదాగా మొదలవలేదు. జీతాల పట్టీలూ, రైల్వే లెక్కలూ దానిమీదే నడిచాయి.

సీఎంసీ పరిశోధన విభాగం సికింద్రాబాదులో పెరిగింది. ఆ తర్వాత గచ్చిబౌలిలో, పాత బొంబాయి రోడ్డు మీద దానికి పెద్ద ఆవరణ వచ్చింది. సంస్థ 2001లో టాటాల చేతికి వెళ్లి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. హైటెక్ సిటీ ఎప్పుడు పుట్టిందంటే అందరూ చెప్పే తేదీ 1998 నవంబరు 22, వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజు. కాదనను. కానీ ఆ వంశవృక్షంలో మొదటి పేరు స్క్రూడ్రైవర్ పట్టుకున్న మెయింటెనెన్స్ ఇంజినీరుదే అని నా నమ్మకం. తయారుచేసినవాడు ఊళ్లో లేకపోయినా, విడిభాగాలు రాకపోయినా వాడి యంత్రాన్ని నడిపించే విద్య ఈ నగరానికి ముందు వచ్చింది. కోడింగ్ ఆ తర్వాత వచ్చింది. ఇవాళ కొండాపూర్‌లోనో మణికొండలోనో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 1980ల నాటి ఇంటి కంప్యూటర్‌ను బల్లమీద విప్పుకుని కూర్చుంటే, తెలిసో తెలియకో ఆ పాత వృత్తినే చేస్తున్నాడు.

నగరానికి రెండో చివర ఇంకో మూలం ఉంది. 1967లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఏఎస్ రావు నగర్‌కు ఉంది. ట్రాంబే పరిశోధనల నుంచి వచ్చిన టీడీసీ-12 (1969), టీడీసీ-316 (1975) కంప్యూటర్లను ఆ సంస్థే తయారుచేసింది. అవి బీరువాల్లాంటి యంత్రాలు, ఇళ్లలోకి వచ్చేవి కావు. ఇళ్లలోకి వచ్చింది ఈసీ టీవీ. ఇంటి కంప్యూటర్ల కథలో టీవీకి చాలా పని ఉంది, ఎందుకంటే ఆ కంప్యూటర్లకు సొంత తెర ఉండేది కాదు.

బ్రిటిష్ ఇంటి కంప్యూటర్ల పుట్టిల్లు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి. క్లైవ్ సింక్లెయిర్ దగ్గర పనిచేసిన క్రిస్ కర్రీ ఆయన్ని వదిలి, హెర్మన్ హౌజర్‌తో కలిసి 1978లో పెట్టిన కంపెనీ ఏకార్న్. బీబీసీ టీవీ కంప్యూటర్ పాఠాల కోసం ఏకార్న్ చేసిన బీబీసీ మైక్రో 1981 డిసెంబరులో వచ్చింది. ఆ బీబీసీ కాంట్రాక్టు చేజారిన సింక్లెయిర్ 1982 ఏప్రిల్ 23న రబ్బరు మీటల జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌ను విడుదల చేశాడు. 16 కిలోబైట్లది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175. ఒకే ఊరి రెండు కంపెనీల పోట్లాటలో బ్రిటిష్ పిల్లలు లాభపడ్డారు.

మన దగ్గరికి రెండూ వచ్చాయి, వేర్వేరు దారుల్లో. 1984-85లో కేంద్రం క్లాస్ అనే పథకం పెట్టి, తొలివిడత 250 పాఠశాలలకు బీబీసీ మైక్రోలు పంచింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ దాన్ని లైసెన్సు మీద ఇక్కడే ‘యూనికార్న్’ పేరుతో తయారుచేసింది కూడా. స్పెక్ట్రమ్‌ను 1988లో పుణెకు చెందిన డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ ‘డీబీ స్పెక్ట్రమ్ ప్లస్’గా అమ్మింది. అంతకు ముందు బ్రిటన్ నుంచి బంధువులు సూట్‌కేసులో తెచ్చిన పెట్టెలకు ఓ తంటా ఉండేది. స్పెక్ట్రమ్ తన బొమ్మను యూహెచ్ఎఫ్ 36వ చానెల్‌లో పంపుతుంది. దూరదర్శన్ వీహెచ్ఎఫ్‌లో వచ్చేది కాబట్టి ఇక్కడి టీవీల్లో చాలావాటికి ఆ చానెల్ పట్టుకునే ఏర్పాటే లేదు. యంత్రం నిక్షేపంలా పనిచేస్తున్నా తెరమీద చీమలే. అప్పట్లో ‘పాడైపోయింది’ అనిపించుకుని అటకెక్కినవాటిలో కొన్ని అసలు పాడే కాలేదేమోనని నా అనుమానం. ఇప్పుడు బాగుచేసేవాళ్లు ఆ చానెల్ సిగ్నల్‌ను పుట్టించే మాడ్యులేటర్‌ను పక్కకు తప్పించి, వీడియో సిగ్నల్‌ను నేరుగా టీవీ ఏవీ సాకెట్‌కు ఇస్తారు. ఒక తీగ, కొందరైతే ఓ చిన్న కండెన్సర్ కూడా కలుపుతారు, అంతే.

అటక మీంచి దించిన పెట్టెను చూడగానే ప్లగ్గు పెట్టాలని చెయ్యి లాగుతుంది. పెట్టకూడదు. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోటే చిన్న కండెన్సర్లు ఉంటాయి. (పుస్తకాల్లో కెపాసిటర్ అని రాస్తారు, పాత మెకానిక్కులకు అది ఎప్పటికీ కండెన్సరే.) లోపల కాగితం చుట్ట, పైన పసుపుపచ్చని పారదర్శకమైన పూత. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత సన్నగా బీటలు వారి, గాలిలో తేమ లోపలికి దిగుతుంది. నాలుగు వానాకాలాలు చూసిన పెట్టె అయితే చెప్పక్కర్లేదు. 230 వోల్టులు తగిలిన కాసేపటికి ఫట్‌మని పేలి గదంతా ఘాటైన పొగ కమ్ముతుంది. తమాషా ఏమిటంటే ఆ కండెన్సర్ పని కరెంటు లైన్లో రొదను ఆపడమే, అందుకని పొగ వస్తున్నా కంప్యూటర్ మామూలుగా నడుస్తూనే ఉండవచ్చు. ఇంట్లోవాళ్ల సహనం మాత్రం నడవదు. కొత్తది టీ ఖర్చుకు దొరుకుతుంది. ఎక్స్2 రకమే అడిగి తీసుకోవాలి, మామూలువి అక్కడ వెయ్యకూడదు.

స్పెక్ట్రమ్‌ది వేరే ప్రమాదం. దానికి 9 వోల్టుల అడాప్టర్ కావాలి, పిన్ను మధ్య భాగం నెగెటివ్. ఇప్పుడు బజార్లో ఎక్కువగా దొరికే అడాప్టర్లకు మధ్యది పాజిటివ్. పిన్ను సైజు సరిపోయింది కదా అని గుచ్చితే అసలు జబ్బుకు తోడు కొత్త జబ్బు. లోపల తొలి 16 కిలోబైట్ల మెమరీకి 4116 అనే ఎనిమిది చిప్పులున్నాయి. అవి 5, 12, మైనస్ 5 అనే మూడు వోల్టేజీలు అడుగుతాయి. వీటిలో రెండింటిని బోర్డు మీదున్న ఒక బుల్లి కాయిల్, ఒక ట్రాన్సిస్టర్ కలిసి పుట్టిస్తాయి. ఆ ట్రాన్సిస్టర్ పోయి మైనస్ 5 ఆగిందంటే మెమరీ చిప్పులు వరసగా కాలిపోతాయి. కాబట్టి చిప్పులు పీకే ముందు మల్టీమీటర్‌తో మూడు వోల్టేజీలూ చూడాలి. తెరమీద చారలు రాగానే మెమరీ పోయిందని ఎనిమిదింటినీ పీకేసేవాళ్లు, పీకే హడావిడిలో బోర్డు మీది రాగి పట్టీలు లేపేస్తారు. అసలు జబ్బు కన్నా ఆ వైద్యమే ఖరీదు.

మిగతా 32 కిలోబైట్ల కథ నాకు మరీ ఇష్టం. తయారీలో సగం దెబ్బతిన్న 64 కిలోబిట్ల చిప్పులను సింక్లెయిర్ చవగ్గా కొని, బాగున్న సగాన్నే వాడుకున్నాడు. ఏ సగం బాగుందో బోర్డు మీద ఒక తీగముక్క చెబుతుంది. చిప్పు మార్చేవాడు ఆ తీగను చూసుకోవాలి. జుగాడ్ మన సొంతమనుకుంటాం గానీ, ఆ విద్య కేంబ్రిడ్జిలోనూ బాగానే తెలుసు.

విడిభాగాలకు పోవాల్సింది హైటెక్ సిటీకి కాదు, కోఠీకి. గుజరాతీ గల్లీ కౌంటర్ల మీద 7805 రెగ్యులేటర్, కండెన్సర్లు, ఐసీ సాకెట్లు, సోల్డర్, ఫ్లక్స్ అన్నీ దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ బజారు, అక్కడా అమీర్‌పేటలోనూ ‘చిప్ లెవెల్ సర్వీసింగ్’ అన్న బోర్డులు కనిపిస్తాయి. కార్డు మొత్తం మార్చకుండా, పోయిన చిప్పునే వెతికి మార్చడం అని దానర్థం. 1980ల యంత్రాన్ని ఎన్నడూ చూడని కుర్రాడైనా ఆ బల్ల ముందు కూర్చున్నవాడైతే స్పెక్ట్రమ్ బోర్డును చూసి జంకడు. ఇవాళ్టి లాప్‌టాప్‌తో పోలిస్తే అందులో కాళ్లు లెక్కపెట్టగలిగేంత పెద్ద చిప్పులు. సొంతంగా బోర్డు చేయించుకోవాలనుకునేవారికి రాయదుర్గంలో, 2023 మార్చి 2న మొదలైన టీ-వర్క్స్ ఉంది. నమూనాలు తయారుచేసుకునే యంత్రసామగ్రిని ప్రభుత్వమే సమకూర్చిన చోటు అది.

దొరకనివీ ఉన్నాయి. స్పెక్ట్రమ్ మీటల కింద ఉండే ప్లాస్టిక్ పొర ఎండి విరిగిపోతుంది, కొత్తది బయటి దేశాల నుంచే తెప్పించుకోవాలి. బొమ్మ, శబ్దం, మీటలు అన్నీ చూసుకునే యూఎల్ఏ అనే చిప్పును ఫెరాంటీ కంపెనీ ఒక్క స్పెక్ట్రమ్ కోసమే చేసింది. ఫెరాంటీయే ఇప్పుడు లేదు. ఆ చిప్పును లోపలి వలయాలదాకా విడమరిచి క్రిస్ స్మిత్ 2010లో ఓ పుస్తకం రాశాడు. ఇప్పుడు ఔత్సాహికులు దాని స్థానంలో గుచ్చే చిన్న బోర్డులు తయారుచేస్తున్నారు. స్పెక్ట్రమ్‌లో ఉన్న, 1976లో పుట్టిన జెడ్80 ప్రాసెసర్‌కు జైలాగ్ 2024లో చివరి ఆర్డర్లు తీసుకుంది. ఒకటి రెండు కొని దాచుకోవడం మంచిది.

యంత్రం లేచాక ప్రోగ్రాం ఎక్కించాలి. అప్పట్లో క్యాసెట్ టేపు, కిర్రుమనే శబ్దం, 48 కిలోబైట్లకు అయిదు నిమిషాలు. ఇప్పుడు ఆ శబ్దాన్నే ఫైలుగా ఫోన్‌లో పెట్టి, ఇయర్‌ఫోన్ తీగతో వినిపిస్తే చాలు. ఇక్కడో వింత ఉంది. బీబీసీ మైక్రోకు బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను రాసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఏకార్న్‌లోనే రూపొందించిన ప్రాసెసర్ 1985 ఏప్రిల్ 26న తొలిసారి నడిచింది. దాని పేరు ఆర్మ్. ఇవాళ దాదాపు ప్రతి ఫోన్‌లో ఉన్నది ఆ వంశమే. ఆ ఫోన్ల చిప్పులు చేసే క్వాల్‌కామ్‌కు మన నగరంలో పెద్ద కేంద్రం ఉంది. అంటే సింక్లెయిర్ పెట్టెకు ఊడిగం చేస్తున్న టేప్‌రికార్డర్ లోపల ఉన్నది ప్రత్యర్థి మనవడు. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో కేంద్రం తెరిచింది. ఆ కంపెనీ 1976లో 6502 ప్రాసెసర్ కోసం రాసిన బేసిక్ మూలకోడ్‌ను 2025 సెప్టెంబరులో అందరికీ ఇచ్చేసింది. గచ్చిబౌలిలో కూర్చుని తన కంపెనీ తాతల కోడ్‌ను చదువుకునే వీలు ఇప్పుడొచ్చింది.

బాగుచేసిన స్పెక్ట్రమ్‌తో ఏం చేస్తారంటే ఎక్కువమంది ఆటలాడతారు. నేనైతే తెలుగు అక్షరాలు గీయమంటాను. వాడుకరి సొంత బొమ్మలకు అందులో 21 గళ్లున్నాయి, ఒక్కోటి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. అం, అః కలిపి అచ్చులు 16 వేస్తే మిగిలేది అయిదు, క-వర్గానికి సరిగ్గా చాలు. చ దగ్గర జాగా అయిపోతుంది. మెమరీలో 23606 చిరునామాలో అంకె మార్చి యంత్రం సొంత అక్షరాల స్థానంలో మనవి పెడితే మరో 96 దొరుకుతాయి. హల్లులన్నీ పడతాయి. ఒత్తులకు కింద ఇంకో వరస కావాలి, ‘ౠ’ను ఎనిమిది చుక్కల్లో ఇరికించడం ఇంకా కష్టం.