పంకాతో మొదలైన వృత్తి

వాడ అంటే ఓడ. వాడరేవులో ఇవాళ ఓడలు ఆగవు. ఫైబరు పడవలు, ఇసుక మీద ఆరేసిన వలలు, సెలవు రోజుల్లో చీరాల వైపు నుంచి వచ్చే జనం, అంతే. ఈ తీరానికీ పేటెంటు చట్టానికీ పొంతనేమిటనిపిస్తుంది. ఒక చిన్న ఊహతో మొదలుపెడదాం. వల లాగి లాగి తండ్రి అరచేతులు కాయలు కాయడం చూసిన కుర్రాడొకడు బాపట్లలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, వల లాగే యంత్రం తయారుచేశాడనుకుందాం. ఏం చేశావని అడిగితే ఇనప చక్రం, మోటారు, నైలాన్ తాడు అని చెబుతాడు. అది అలాగే కాగితం మీద పెడితే, పక్క ఊరివాడు చక్రం తీసేసి గొట్టం బిగించి దర్జాగా అమ్ముకుంటాడు. అదే పేటెంటు పనిలో నలిగినవాడైతే ‘తాడు చుట్టుకునేలా తిరిగే భాగం’ అని రాస్తాడు. మరీ విశాలంగా రాస్తే, ‘బావి గిలక తాతల నాటి నుంచీ ఉందిగా’ అని పేటెంట్ ఆఫీసు ఎగ్జామినరు తిప్పికొడతాడు. ఈ రెంటి మధ్య ఉన్న ఇరుకు సందు పేరే క్లెయిము. ఆ సందులో నడవడమే పేటెంట్ ఏజెంటు వృత్తి.

ఇంజనీరింగ్ వదిలి అటు వెళ్ళడం ఈమధ్య పుట్టిన ముచ్చట అనుకునేవాళ్ళున్నారు. నిజానికి మన దేశంలో ఆ వృత్తికి తొలి రాయి వేసిందే ఒక సివిల్ ఇంజనీరు.

1856లో కంపెనీ ప్రభుత్వం ఆరో నంబరు చట్టం తెచ్చింది. కొత్తది కనిపెట్టినవాడికి 14 ఏళ్ళ పాటు ప్రత్యేక హక్కు ఇస్తానంది. మార్చి 3న కలకత్తా గ్రాంట్స్ లేన్, 7వ నంబరు ఇంటి నుంచి ఆ ఇంజనీరు, జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్, అర్జీ పెట్టుకున్నాడు. ఆయన కనిపెట్టింది పంకా లాగే యంత్రం. దొరల గదుల్లో పైనుంచి వేలాడే పంకాకు తాడు కట్టి, ఒక మనిషి గంటల తరబడి లాగుతూ కూర్చునే రోజులవి. సెప్టెంబరు 2న ఆయన వివరణ, బొమ్మలు సమర్పించాడు. దేశంలో తొలి పేటెంటు అదే. మరుసటి ఏడే ఆ చట్టం రద్దయింది, బ్రిటిష్ రాణి అనుమతి తీసుకోకుండా చేశారట! హక్కులు పంచే చట్టానికే హక్కు చాలలేదన్నమాట. 1859లో మళ్ళీ చేశారు. పంకా సంగతి ఎలా ఉన్నా, ఇతరుల ఆవిష్కరణలకు హక్కులు సంపాదించిపెట్టే సంస్థతో డిపెన్నింగ్ పేరు నిలిచిపోయింది. ఆ సంస్థ ఇప్పుడు చెన్నైలో ఉంది. ఆంధ్ర, తెలంగాణల అర్జీలను చూసే పేటెంట్ ఆఫీసు కూడా ఆ ఊళ్ళోనే, గిండీలో ఉంది.

గుంటూరు నేలకు ఈ విద్య మందుల దారిన వచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చి, మందు మీద పేటెంటు ఇవ్వనంది. మందు తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఇస్తానంది. అంటే, 2005 దాకా అదే మందును ఇంకో దారిలో చేయగలిగితే తప్పు లేకపోయింది. ఇంకో దారి వెతకడం కెమికల్ ఇంజనీర్లకు వెన్నతో పెట్టిన విద్య. తాడేపల్లిలో పుట్టి, గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, పుణెలో కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ చేసిన కల్లం అంజిరెడ్డి అలా వెతికినవారిలో ఒకరు. 1984లో డాక్టర్ రెడ్డీస్ అనే మందుల కంపెనీ స్థాపించారు. అమెరికా గడప తొక్కేసరికి మాత్రం రసాయనంతో సమానంగా మాట కూడా బరువైంది. ఎలై లిల్లీ కంపెనీ వారి కుంగుబాటు మందు ప్రోజాక్ పేటెంటు కోర్టులో వీగిపోయాక, 2001 ఆగస్టులో ఆ మందు 40 మిల్లీగ్రాముల జెనరిక్ గుళికలను 180 రోజులు ఒంటరిగా అమ్ముకునే అవకాశం ఆ సంస్థకు దక్కింది. భారతీయ సంస్థకు అలా దక్కడం అదే మొదలు.

గెలిచిన కథ అందరికీ గుర్తుంటుంది. పాఠం ఎక్కువగా ఉన్నది ఓడిన కథలో. ఫైజర్ అమ్మే రక్తపోటు మందు ఆమ్లోడిపైన్ బెసిలేట్ అనే లవణం. డాక్టర్ రెడ్డీస్ మెలియేట్ అనే వేరే లవణంతో ముందుకొచ్చి, పేటెంటు గడువు పొడిగింపు ఫైజర్ అమ్మే లవణానికే వర్తిస్తుందని వాదించింది. 2002 డిసెంబరులో కింది కోర్టు ఔనంది. 2004 ఫిబ్రవరిలో పై కోర్టు కాదంది. లవణం ఏదైనా మందు అదేనంది. ప్రయోగశాలలో ఏ తప్పూ జరగలేదు. బేరమంతా చట్టంలోని ఒక్క మాటకు ఎంత అర్థం ఉందన్న దగ్గర తెగింది. హైదరాబాదు మందుల కంపెనీలకు పేటెంటు చదవగల ఇంజనీర్లు, రసాయనజ్ఞులు ఎందుకు కావలసివచ్చారో చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలు. అక్కడి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం పేటెంట్ల చట్టంలో దూరవిద్యా డిప్లొమా కూడా పెట్టింది.

అచ్చులో ఉన్న మాట బరువు పసుపు విషయంలోనూ తెలిసింది. తెనాలి దాటి విజయవాడ వైపు వెళితే దుగ్గిరాల, పసుపు యార్డుకు పేరుపడ్డ ఊరు. గాయానికి పసుపు అద్దడం అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పరు. ఆ వాడుక మీదే 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు దక్కింది. దాని మీద పోరాడిన మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌కు అప్పటి అధిపతి మాషేల్కర్, ఆయనా కెమికల్ ఇంజనీరే. అమ్మమ్మలు చెప్పారంటే అమెరికా పేటెంట్ ఆఫీసు వినదు, అచ్చులో చూపాలి. 32 పాత ఆధారాలు పోగుచేసి ఇచ్చారు, 1997లో ఆ పేటెంటు రద్దయింది.

బాపట్ల కథ దీనికి తిరగబడ్డది. అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన వరి వంగడం బీపీటీ 5204ను జనం సాంబమసూరి అంటారు. సాగు పద్ధతులకు 1970 చట్టం పేటెంటు ఇవ్వదు, మొక్కలకూ విత్తనాలకూ ఇవ్వనని 2002 సవరణ తేటతెల్లం చేసింది. అంత పేరున్న బియ్యం రుసుమూ రాయల్టీ లేకుండా రైతు నుంచి రైతుకు చేరింది. ఊరి గుర్తు మాత్రం పేరులోని బీపీటీ అన్న మూడక్షరాల్లో మిగిలింది.

ఇంతకీ ఈ పని ఎవరిది, ఇంజనీరుదా వకీలుదా? గొడవ కోర్టు దాకా వెళ్ళింది. ఏజెంటుకు సైన్సు, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలని 2002 సవరణ చెప్పింది. పరీక్ష రాయకుండా ఏజెంటయ్యే వీలు వకీళ్ళకు ఉండేది, 2005 సవరణ దాన్ని తీసేసింది. 2013లో మద్రాసు హైకోర్టు ఆ తీసివేతను కొట్టేసింది. ఆ తీర్పు ప్రకారం సైన్సు, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉన్న వకీలు పరీక్ష రాయనక్కర్లేదు, న్యాయశాస్త్రం చదవని ఇంజనీరుకు మాత్రం తప్పదు. మొదటి పేపరు చట్టం మీద. బట్టీ పట్టినా ఎలాగో గట్టెక్కవచ్చు. సివిల్, మెకానికల్ చదివినవాళ్ళకు చెమటలు పట్టేది రెండో పేపరు దగ్గర. ఒక ఆవిష్కరణను వర్ణించి, దీనికి క్లెయిములు రాయమంటారు. ఇనప చక్రమని రాయాలో, తిరిగే భాగమని రాయాలో అక్కడే తేల్చుకోవాలి.